నడుము దాటిన జడ, రెండు వేళ్ళ తెలుపు: నాలుగేళ్ళ కేసు

తలకు చుట్టుకున్న స్కార్ఫ్ తీయడానికి ఆవిడకు పది నిమిషాలు పట్టింది. ముడి బిగుసుకుని కాదు, తీసేముందు నా దగ్గర ఒక మాట తీసుకోవాలని. “కత్తిరించెయ్యమని మాత్రం అనకమ్మా. మిగతాది నువ్వేం చెప్పినా వింటాను.”

స్కార్ఫ్ కింద నడుము దాటిన జడ. పాపిడికి అటూ ఇటూ రెండు వేళ్ళ వెడల్పున తెలుపు, అక్కణ్ణుంచి చివరిదాకా కాటుక నలుపు. రెండూ కలిసే చోట స్కేలు పెట్టి గీసినట్టు గీత. ఆవిడ వయసు 54. రంగు మానేసి 11 వారాలైంది. తనకు తానుగా మానలేదు, మానాల్సి వచ్చింది.

జుట్టు పనిలో నాకు 22 ఏళ్ళు. రంగులు వేయడంతోనే మొదలుపెట్టాను. ఈ మధ్య రంగు వేయించుకోవడానికి వచ్చేవాళ్ళకంటే దాన్ని వదిలించుకోవడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. పొట్టి జుట్టువాళ్ళయితే ఏడాదిలో తేలిపోతారు. పొడుగు జుట్టు ఉండి, ఆ పొడుగు వదులుకోలేనివాళ్ళ సంగతి వేరు. అలాంటివాళ్ళకు పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఒకటుంది, అదీ చెబుతాను. ఆవిడను అడిగే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

రంగు ఎందుకు ఆగింది

మొదటి తెల్ల వెంట్రుకలు 29కే కణతల దగ్గర కనబడ్డాయట. 34 నుంచి రంగు. మొదట్లో రెండు నెలలకోసారి, తర్వాత నెలకోసారి, చివరి పదేళ్ళూ మూడు వారాలకోసారి. అంటే అద్దంలో తన తెల్లజుట్టు ఎలా ఉంటుందో ఆవిడ ఇరవై ఏళ్ళుగా చూడలేదు.

ఆఖరిసారి వేసుకున్న రెండో రోజు పొద్దున కళ్ళు తెరుచుకోలేదు. రెప్పలు ఉబ్బిపోయాయి, చెవుల వెనక, మెడ మీద చర్మం రసి కారింది. చర్మ వైద్యుడి దగ్గరికి పరుగెత్తారు. అది తగ్గాక, ఏది పడటం లేదో తెలుసుకోవడానికి వీపు మీద ప్యాచ్ టెస్ట్ చేశారు. పారా-ఫినైలిన్‌డయమిన్ అనే పదార్థం పడలేదని తేలింది. అందరూ పీపీడీ అంటారు. శాశ్వతంగా ఉండే ముదురు రంగుల్లో చాలావాటికి నలుపునిచ్చేది ఇదే.

ఇది ఒక్కరోజులో ఊడిపడలేదు. అంతకుముందు నాలుగైదుసార్లు రంగు వేసుకున్న మర్నాడు చెవుల వెనక దురద పెట్టింది. “వేడి చేసిందేమో అనుకున్నానమ్మా” అన్నారు. తర్వాత ఎవరో చెబితే ముందురోజు రాత్రి అలర్జీ మాత్ర వేసుకుని పడుకోవడం మొదలుపెట్టారు. ఈ మాత్ర అలవాటు నేను చాలామందిలో చూశాను కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. తుమ్ములకీ దద్దుర్లకీ వాడే ఆ మాత్రలు పనిచేసే దారి వేరు, రంగు వల్ల వచ్చే ఈ అలర్జీ నడిచే దారి వేరు. ఇది ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటపడే రకం, ఈ మాత్ర దాన్ని ఆపదు. మహా అయితే దురద కాస్త మందగిస్తుంది. హెచ్చరిక గంట గట్టిగా మోగుతుంటే దానికి గుడ్డ చుట్టినట్టన్నమాట. పైగా ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే మామూలుగా అది జీవితాంతం ఉండిపోతుంది.

వెంటనే ఆవిడ అడిగిన ప్రశ్న అందరూ అడిగేదే. “అమోనియా లేనిది వాడొచ్చు కదా?” అమోనియా పని వెంట్రుక పైపొరను తెరవడం. అది లేకపోయినా పీపీడీ ఉండొచ్చు, పెట్టె వెనక పదార్థాల జాబితా చదివితేగానీ తెలియదు. “హెర్బల్ నల్ల హెన్నా?” గోరింటాకు తెల్ల వెంట్రుక మీద ఇచ్చేది నారింజ ఎరుపు, అంతే. నలుపు కావాలంటే పైన నీలిమందు ఆకు పొడైనా పడాలి, పీపీడీ అయినా కలవాలి. గంటలో నల్లగా చేస్తానని చెప్పే ‘హెన్నా’ను చూస్తే నాకు భయం. స్వచ్ఛమైన గోరింటాకు చాలామందికి పడుతుంది, కానీ అది వెంట్రుకలోని ప్రొటీన్‌ను పట్టుకుందంటే ఇక వదలదు. రంగు నుంచి బయటికి రావాలనుకునేవాళ్ళు ఇంకో రంగులోకి దిగినట్టే.

ఇదంతా విని, “అయితే నాకు ఇష్టమై మానడం కాదు, ఒళ్ళు ఒప్పుకోక మానడం. అది గుర్తుంచుకో” అన్నారు. గుర్తుంచుకున్నాను. తెల్లజుట్టును ప్రేమించండి అని నేను ఎవరికీ ఉపన్యాసం ఇవ్వను. రంగు పడేవాళ్ళు, వేసుకోవాలనిపించేవాళ్ళు వేసుకోవచ్చు. ప్రతిసారీ 48 గంటల ముందు చెవి వెనక కాస్త రాసి చూసుకోమని మాత్రం చెబుతాను.

మొదటి రోజు చూసినవి

నడినెత్తి నుంచి చివరిదాకా 82 సెంటీమీటర్లు. అందులో తెలుపు దాదాపు 3. ఆ 3 సెంటీమీటర్లే నాకు లెక్క చెప్పాయి. 11 వారాల్లో అంత పెరిగిందంటే ఆవిడ జుట్టు నెలకు సుమారు 1.1 సెంటీమీటర్లు పెరుగుతోంది. మామూలు వేగమే. అయితే 82 సెంటీమీటర్ల అవతల ఉన్న చివరకు ఎంత వయసు? ఆరేళ్ళు దాటింది.

ఇది చెప్పగానే ఆవిడ జడ చివర చేతిలోకి తీసుకుని చూశారు. నేను రెండో ప్రశ్న వేశాను. మూడు వారాలకోసారి వేసుకునేటప్పుడు కుదుళ్ళకే రాస్తారా, చివరిదాకా లాగుతారా? “చివరిదాకా. లేకపోతే రంగు తేడా వస్తుంది కదా.” అక్కడే ఉంది చిక్కంతా. కొత్తగా వచ్చిన తెలుపు వేలెడు కూడా ఉండదు, దానికోసం మొత్తం జుట్టుకు రంగు. ఆరేళ్ళలో ఆ చివర వందసార్లకు పైగా రంగులో నానింది.

మెడ వెనక నుంచి ఒక పాయ తీసి మూడు చోట్ల నీటి చుక్క వేశాను. కుదురు దగ్గర తెలుపు మీద చుక్క ముత్యంలా నిలబడింది. మధ్యలో కాసేపు ఆగి జారింది. చివర పడీ పడగానే ఇంకిపోయింది. అంటే పైపొర పెచ్చులు లేచిపోయి లోపలంతా గుల్లగా ఉంది. ఆవిడ అప్పటిదాకా తెల్లజుట్టే బిరుసు, పెళుసు అనుకుంటున్నారు. తల మొత్తం మీద ఆరోగ్యంగా ఉన్నది ఆ రెండు వేళ్ళ తెలుపే. ఆ మాట చెబితే నవ్వారు, నమ్మలేదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. ముందు భాగంలో, కణతల దగ్గర నూటికి డెబ్భై దాకా తెలుపు, మెడ వెనక సగం కూడా లేదు. దాదాపు 60 వెంట్రుకల్ని వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగితే మూడు వచ్చాయి, కంగారు లేదు. నుదుటి అంచున చిన్న చిన్న తెగిన వెంట్రుకలున్నాయి. రోజంతా గట్టిగా బిగించి కొప్పు పెట్టడం వల్ల వచ్చినవి. చర్మం మీద తెల్ల మచ్చలు లేవు, గుండ్రంగా ఊడిన చోట్లు లేవు. చిన్న వయసులోనే నెరిసింది కాబట్టి థైరాయిడ్, బీ12, ఐరన్ ఒకసారి చూపించుకోమని వాళ్ళ డాక్టరుకు చీటీ రాసిచ్చాను. బీ12 తక్కువ వచ్చింది, డాక్టరు మందు ఇచ్చారు. నీరసం తగ్గింది. జుట్టు నల్లబడలేదు. ఇరవై ఐదేళ్ళుగా నెరుస్తూ వచ్చిన తల మాత్రతో వెనక్కి తిరుగుతుందని మేమిద్దరం ఆశపెట్టుకోనూ లేదు.

తెగిన పాయ

దారులు మూడే. ఒకటి, కొత్త తెలుపు దాకా కత్తిరించెయ్యడం. దానికి తలుపు ఆవిడ ముందే మూశారు. రెండు, నల్లరంగును కెమికల్‌తో దించి తెలుపుకు దగ్గరగా తేవడం. మూడు, పెరగనివ్వడం.

మూడోదాని లెక్క చెబితే ఆవిడ మొహం వాడిపోయింది. పొడుగు అసలు తగ్గకూడదంటే ఆరేళ్ళు. అందుకని రెండోదాని మీద పట్టుబట్టారు. అయిదు నెలల్లో ఇంట్లో ఫంక్షన్ ఉంది, అప్పటికి తల ఒకే రంగులో ఉండాలి.

నేను అలా తలమీద మొదలుపెట్టను. ముందు మెడ వెనక నుంచి పెన్సిలంత పాయ కత్తిరించి, దారంతో కట్టి, బల్ల మీద చేశాను. మొదట రంగు దించే ద్రావణం. నలుపు కాస్త కరిగి ముదురు గోధుమ అయింది. తర్వాత బ్లీచ్. అరగంటకు పాయ మూడు రంగులైంది. పైన నారింజ, మధ్యలో ఇటుక ఎరుపు, చివర ఎంతకీ దిగని నలుపు ఎరుపు. వందసార్లు పడిన రంగు పొరలు పొరలుగా కూర్చుంది, ఒక్కో పొర ఒక్కో తీరున దిగుతోంది. తెల్లజుట్టుతో కలవాలంటే లేత పసుపు దాకా రావాలి. ఇంకో విడత వేశాను. ఈసారి కడిగి, తడిగా ఉండగానే చివర రెండు వేళ్ళతో పట్టుకుని లాగాను. మంచి వెంట్రుక తడిలో కొంత సాగి మళ్ళీ వెనక్కి పోతుంది. ఇది సాగింది, సాగింది, బబుల్‌గమ్‌లా సన్నబడి చప్పుడు లేకుండా తెగిపోయింది.

తెగిన ముక్క నా వేళ్ళకు అంటుకుంది. మిగతా పాయను ఆవిడ అడిగి తీసుకుని, కాగితంలో మడిచి పర్సులో పెట్టుకున్నారు. ఆ తర్వాత బ్లీచ్ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను గంటసేపు చెప్పి ఉన్నా ఆ పని జరిగేది కాదు.

చివరికి మధ్యేమార్గం కుదిరింది. ఆ రోజే చివర 12 సెంటీమీటర్లు తీసేశాం. అది ఎలాగూ చీలి, చిక్కుపడి, పలచగా వేలాడుతోంది. అక్కణ్ణుంచి మూడు నెలలకోసారి 5 సెంటీమీటర్లు. మూడు నెలల్లో పెరిగేది 3.3, తీసేది 5. అంటే పొడుగు తగ్గుతుంది, కానీ విడతకు రెండు సెంటీమీటర్లు కూడా కాదు. ఆ తేడా ఆవిడకు తప్ప ఎవరికీ కనబడదు. ఫంక్షన్‌కు పాపిడి దగ్గర అద్దుకునే పౌడర్ ఇచ్చాను. రాత్రి కడిగితే పోయే రకం, పీపీడీ లేనిది. దాన్నీ ముందు చెవి వెనక రాసి రెండు రోజులు ఆగాకే వాడాం.

చిక్కు తీయడం, తల కడగడం

తొలి నెలల్లో పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు, అలవాట్లు మార్చడమే. జుట్టు తడిగా ఉన్నప్పుడు బలహీనం, అయినా చాలామంది తలస్నానం చేసి రాగానే దువ్వెన పట్టుకుంటారు. ఆవిడా అంతే, అదీ పైనుంచి కిందికి. పై చిక్కును కిందికి తోసి, కింద గట్టి ముడి చేసి, దాన్ని బలవంతంగా లాగేవారు. వెడల్పు పళ్ళ దువ్వెన ఇచ్చి, జుట్టును నాలుగు భాగాలు చేసి, చివర నుంచి మొదలుపెట్టి బెత్తెడు బెత్తెడు పైకి రమ్మన్నాను. కండిషనర్ ఇంకా జుట్టు మీద ఉండగానే చిక్కు తీయడం ఇంకా మంచిది. మొదట్లో అరగంట పట్టేది, తర్వాత పది నిమిషాలు.

షాంపూ మాడుకు, కండిషనర్ సగం నుంచి చివరకు. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా నెలసరి ఆగాక, మాడులో నూనె ఊరడం తగ్గుతుంది. ఊరిన కాస్తా అంత పొడుగు దిగి చివరకు చేరదు. తెల్లజుట్టు బిరుసుగా ఉందనిపించడానికి ఇదొక కారణం. అందుకని వారానికి నాలుగుసార్ల తలస్నానాన్ని రెండుకు తగ్గించాం. బిగుతు కొప్పు మాని వదులు జడ, రబ్బరు బ్యాండు బదులు మెత్తటి గుడ్డ బ్యాండు. ఆరు నెలలకు నుదుటి అంచున చిన్న తెల్ల వెంట్రుకలు నిలబడ్డాయి. అవి ఎగిరెగిరి పడుతున్నాయని ఆవిడ ఫిర్యాదు. కొత్తగా మొలుస్తున్నవని చెబితే ఊరుకున్నారు.

ఇంకో ఫిర్యాదు, “నువ్వు వద్దన్నా పీకాను, ఇవి పదింతలు అయ్యాయి.” ఒకటి పీకితే పది వస్తాయన్న మాట నిజం కాదు. ఒక కుదురు నుంచి ఒకటే వస్తుంది. కుదురులో రంగు తయారుచేసే కణాలు తగ్గిపోతే ఆ కుదురు నుంచి తర్వాత వచ్చేదీ తెల్లదే, పక్క కుదురుకు దాంతో పని లేదు. కాకపోతే పీకడం వల్ల కుదురు పాడై అసలు మొలవకపోవచ్చు. ఉన్న జుట్టు పోగొట్టుకోవడమెందుకు?

పసుపు ఎక్కడిది

నా తప్పు ఇక్కడే. తొమ్మిదో నెలకు తెలుపు 12 సెంటీమీటర్లు దాటింది. అందంగా ఉండాల్సింది, కానీ పాత న్యూస్‌పేపర్ రంగుకు తిరిగింది. ఆవిడ అద్దంలో చూసుకుని, “ఇది నెరిసిన జుట్టా, పొగబట్టిన గోడా?” అన్నారు.

పసుపు అనగానే మా చేయి ఊదారంగు షాంపూ మీదికి పోతుంది. రంగుల చక్రంలో పసుపుకు ఎదురు ఊదా, ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. సూత్రం సరైనదే. వారానికి రెండుసార్లు, పది నిమిషాలు ఉంచమన్నాను. మూడు వారాలకు ఫోన్. కణతల దగ్గర సిరా ఒలికినట్టు లేత ఊదా, మెడ వెనక పసుపు అలాగే ఉంది. పది నిమిషాలు ఎక్కువ, రెండు చాలు. అదొక తప్పు. అసలు తప్పు, పసుపు ఎక్కడ నుంచి వచ్చిందో అడగకుండా దాన్ని కప్పడానికి వస్తువు ఇవ్వడం. బట్ట మీద మరక పడితే దేని మరకో చూడకుండా పైన ఇంకో రంగు పూసినట్టు చేశాను.

తెల్ల వెంట్రుకను నేను తెల్ల చొక్కాలా చూడటం అప్పటినుంచే. నల్ల వెంట్రుక మీదా ఇవే మరకలు పడతాయి, కనబడవంతే. ఈసారి రాగానే తలకు తగిలేవన్నీ తెచ్చి బల్లమీద పెట్టమన్నాను. షాంపూ, కండిషనర్, దువ్వెన, దిండు గలీబు, తలనూనె సీసా, ఒక సీసాలో ఇంటి నీళ్ళు.

నూనె ముదురు ఆకుపచ్చ. ఏవో ఆకులు వేసి కాచినది, రాత్రి పట్టించి పొద్దున కడగడం ఏళ్ళ నాటి అలవాటు. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దునకు చుట్టూ పసుపు ఆకుపచ్చ వలయం. సగం పసుపుకు జవాబు దొరికింది. దిండు గలీబు మీద కూడా అదే రంగు ఉంది, ఇద్దరమూ అప్పటిదాకా అది పట్టించుకోలేదు.

మిగతా సగం నీళ్ళది. బోరు నీళ్ళు. సీసాలో తేటగానే ఉన్నాయి. “మీ బాత్రూమ్ బకెట్ అడుగున ఎర్రటి మరక ఉంటుందా?” అని అడిగాను. “ఎంత తోమినా పోదు.” ఇనుము ఉన్న నీళ్ళు అలా చేస్తాయి. బకెట్‌కు పట్టేది జుట్టుకూ పడుతుంది, మామూలు షాంపూ దాన్ని తీయలేదు. ఖనిజాలను పట్టి లాగే ఈడీటీఏ లాంటి పదార్థం ఉన్న షాంపూ కావాలి. అది నెలకు ఒకసారి చాలు, ఎక్కువైతే జుట్టు ఎండిపోతుంది.

చేసిన మార్పులు ఇవి. ఆకుల నూనె మానేసి, రంగు లేని కొబ్బరినూనె. అదీ రాత్రంతా కాదు, తలస్నానానికి గంట ముందు, సగం నుంచి చివరకు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి చేరగలదు, కడిగేటప్పుడు ప్రొటీన్ పోవడాన్ని తగ్గిస్తుంది. పొడుగు జుట్టు చివరకు అదే కావాలి. ఆఖరున రెండు మగ్గులు ఫిల్టరు నీళ్ళు. ఊదా షాంపూ పదిహేను రోజులకోసారి, రెండు నిమిషాలు, చేతిలో ముందే నురగ చేసుకుని. ఎండలోకి వెళితే స్కార్ఫ్ లేదా టోపీ. నల్ల వెంట్రుకకు రంగునిచ్చే మెలనిన్ ఎండను కొంత తను తీసుకుంటుంది. తెల్ల వెంట్రుకలో ఆ కాపలా లేదు, ఎండకు లోపలి ప్రొటీనే దెబ్బతిని పసుపు తేలుతుంది. ఆ పసుపు మరక కాదు కాబట్టి కడిగితే పోదు. స్ట్రెయిట్‌నర్ వేడికి వచ్చే పసుపూ అంతే. ఆవిడకు ఆ అలవాటు లేదు కాబట్టి ఒక బాధ తప్పింది. వాడక తప్పనివాళ్ళు వేడి తగ్గించి, ఒక్కసారి మాత్రమే లాగాలి.

ఊదా మచ్చ ఆరేడు తలస్నానాలకు పోయింది. పసుపు రెండు నెలలు పట్టింది. పన్నెండో నెల ట్రిమ్‌కు వచ్చినప్పుడు కిటికీ పక్కన కూర్చోబెట్టాను. అల్యూమినియం తీగలా మెరిసింది. ఇప్పుడు పసుపు అంటూ ఎవరు వచ్చినా ముందు నూనె సీసా తెమ్మంటాను, ఊదా షాంపూ ఆ తర్వాత.

జడ ముందుకు

జుట్టు పని నాది, మాటల దెబ్బలు ఆవిడవి. ఆఫీసులో “ఒంట్లో బాగాలేదా?” అని అడిగేవారట. ఆవిడ భర్త ఏమీ అనలేదు, కానీ ఫోటోల్లో పక్కన నిలబడినప్పుడు తన తలకు రంగు వేసుకుని వచ్చేవారట. దాని గురించి చెప్పేటప్పుడు ఆవిడ నవ్వారు గానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఒకరోజు అక్క ఫోన్‌లో, “తల ముగ్గుబుట్ట చేసుకుని ఎందుకే ఆ పొడుగు జడ? సగానికి కోయించుకో” అందట. తెల్లజుట్టు ఉంటే పొట్టిగా ఉండాలని ఎవరు రాసిపెట్టారో నాకు తెలియదు. వెంట్రుక బలానికీ రంగుకూ సంబంధం కలిపేస్తారు, పలచబడితే పొట్టి జుట్టు ఒత్తుగా కనబడుతుంది, అది నిజం. పలచబడని వాళ్ళకు ఆ సలహా ఎందుకు?

పదిహేనో నెలలో ఒక చిన్న సంగతి జరిగింది. ట్రిమ్ అయ్యాక మామూలుగా నేనే జడ వేస్తాను. ఆరోజు పాయలు తీసేటప్పుడు కణతల దగ్గరి తెల్ల పాయను ఒకవైపు, మెడ వెనక నుంచి వచ్చే నలుపు తెలుపు కలిసిన పాయను ఇంకోవైపు, మధ్యది మధ్యలో పెట్టి అల్లాను. కావాలని చేసింది కాదు, చేతికి అలా దొరికాయి. జడ కిందికి దిగేకొద్దీ తెలుపు ఒకసారి పైకి, ఒకసారి లోపలికి మెలికలు తిరుగుతూ వచ్చి, గీత దగ్గర నలుపులో కలిసిపోయింది. విప్పి ఉంచితే కొట్టొచ్చినట్టు కనబడే ఆ గీత జడలో ఎక్కడుందో వెతుక్కోవాలి. చిన్న అద్దం వెనక పట్టి చూపించాను. ఆవిడ ఏమీ అనలేదు. జడ తీసి ముందుకు, భుజం మీదుగా వేసుకున్నారు. అప్పటిదాకా ఎప్పుడు వచ్చినా జడ వీపు వెనకే, స్కార్ఫ్ కిందే.

ఆ తర్వాత స్కార్ఫ్ ఎండకే పరిమితమైంది. పాపిడి పౌడర్ డబ్బా తిరిగి తెచ్చిచ్చారు, సగం మిగిలి ఉంది.

చివరి 17 సెంటీమీటర్లు

ముప్ఫయ్యో నెలకు మొత్తం పొడుగు 53 సెంటీమీటర్లు. పైన 36 అసలు జుట్టు, కింద 17 రంగు వేసిన పాతది. ఇంకో పది నెలల పైనే ఇలా కొద్దికొద్దిగా తీయొచ్చు. నేను ఆ మాటే చెప్పబోతుంటే ఆవిడే ఆపారు. “ఈ నలుపు నాది కాదనిపిస్తోందమ్మా. తీసెయ్.” మొదటి రోజు నా దగ్గర మాట తీసుకున్న మనిషి.

నేను వెంటనే కత్తెర పట్టలేదు. పొడుగు జుట్టువాళ్ళు ఒక ఊపులో చెప్పి తర్వాత ఏడవడం చూశాను. వారం ఆగి రమ్మన్నాను, వచ్చారు. జుట్టును నాలుగు చోట్ల బ్యాండ్లతో కట్టి, గీతకు అర సెంటీమీటరు పైన కోశాను. భుజం దాటి నాలుగు వేళ్ళు ఉంది. తల తేలికైందని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూశారు. రంగు అంతా పోయాక జుట్టుకు కొత్తగా చిన్న అల కనబడింది. చిన్నప్పుడు ఉండేదట. ఆ పాత బరువు లాగి పట్టడం వల్ల ఇన్నాళ్ళూ తెలియలేదు.

అప్పట్నుంచి ఏడాదిన్నర. ఆరు నెలలకోసారి ఒక సెంటీమీటరు మాత్రమే తీస్తున్నాను. గత నెల కొలిస్తే మళ్ళీ 53, ఈసారి మొదటి నుంచి చివరిదాకా తనదే. నీటి చుక్క పరీక్ష మళ్ళీ చేశాం. చివర కూడా చుక్క నిలబడింది, కుదురు దగ్గర నిలబడినంత సేపు కాదు, కానీ నిలబడింది. వాడేవి తగ్గిపోయాయి. మామూలు షాంపూ, కండిషనర్, గంటసేపు కొబ్బరినూనె, నెలకోసారి ఖనిజాలు తీసే షాంపూ. ఊదా షాంపూ సీసా అడుగంటి నాలుగు నెలలైనా కొత్తది కొనలేదట. అలర్జీ సంగతి రాసిన చీటీ పర్సులో ఉంచుకోమన్నాను, ఎందుకంటే పీపీడీ పడనివాళ్ళకు కొన్ని మత్తు లేపనాలు, కొన్ని బట్టల రంగులు కూడా పడకపోవచ్చు. ఆ చీటీ, తెగిన ఆ పాయ ఒకే అరలో ఉన్నాయి.

పాపిడి ఈసారి కాస్త వెడల్పుగా అనిపించింది. ఫోటో తీసి పెట్టుకున్నాను, వచ్చే విడత పోల్చి చూడాలి. పెరిగిందనిపిస్తే డాక్టరుకు పంపుతాను. వెళ్ళేముందు మెడ వెనక ఇంకా మిగిలిన నలుపును వేళ్ళతో పైకి లేపి, “ఇది ఎప్పటికి తెల్లబడుతుంది?” అని అడిగారు. ఏడాదో, పదేళ్ళో, అసలు తెల్లబడకపోవచ్చు కూడా అన్నాను. “అయితే జడ ఇలాగే రెండు రంగుల్లో ఉంటుందన్నమాట” అని, ఆర్నెల్ల తర్వాతి తేదీ రాయించుకుని వెళ్ళారు.